మరమనిషికి జీతమెంత?

ఈ ఏడు మన యూనియన్ వాళ్ళు సెమినార్ హాల్లో వేసిన సినిమాలన్నిటిలోకీ పెద్ద తగువు పెట్టింది ఒక బొమ్మల సినిమా. పేరు ‘మార్స్ ఎక్స్‌ప్రెస్’. ఫ్రెంచి వాళ్ళది, 2023లో వచ్చింది. ఆ రాత్రి హాల్లో దీపాలు వెలిగించిన దగ్గర్నుంచి మెస్సులో మజ్జిగ అయిపోయేదాకా వాదన తెగలేదు. మర్నాడు ల్యాబులో మొదలైంది, వారం దాకా సాగింది. ఎవరెవరు ఏమన్నారో కాగితం మీద పెట్టి, పనిలో పనిగా నా అభిప్రాయం కూడా చెప్పుకుందామని యీ ప్రయత్నం. నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను, బియస్సీ వాణ్ణి. భాషలో దోషాలుంటే తెలుగు శాఖ వారు పెద్ద మనసు చేసుకోవాలి.

చూడని వారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. క్రీస్తు శకం 2200. మనుషులు కుజగ్రహం మీద నోక్టిస్ అనే నగరం కట్టుకుని కాపురాలుంటున్నారు. అలీన్ రూబీ అనే ప్రైవేటు డిటెక్టివు, ఆమెతో కార్లోస్ రివేరా అనే జోడీదారు. ఈ కార్లోస్ బతికున్న మనిషి కాడు. అసలు కార్లోస్ అయిదేళ్ళ క్రితమే చనిపోతే, అతని జ్ఞాపకాల నకలుని ఒక రోబో ఒంట్లో పోశారు. మెడ పైన తల ఉండదు, తల బొమ్మ గాలిలో వెలుగుతూ తేలుతుంటుంది. జున్ చౌ అనే కాలేజీ అమ్మాయి కనిపించకుండా పోతుంది. ఆ పిల్లని వెతుకుతూ పోతే, రోబోలకి వేసిన కట్లు దొంగచాటుగా విప్పుతున్న ముఠాలు, వాటి వెనకాల ఒక పెద్ద కంపెనీ, దాని యజమాని రోయ్‌జాకర్ బయటపడతారు. దర్శకుడు జెరెమీ పెరాన్. లోరాన్ సర్ఫాతితో కలిసి కథ రాసుకున్నాడు. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో సముద్రపు ఒడ్డున చూపించారు, ఆనెసీలో పోటీకి పెట్టారు. ఫ్రాన్సు వాళ్ళ సెజార్ బహుమతికి పేరు వెళ్ళింది గానీ అది కోడికూర కోసం ఒక చిన్నపిల్ల చేసే అల్లరి మీద తీసిన ఇంకో బొమ్మల సినిమాకి పోయింది. ఆ మాట వినగానే మా వాళ్ళు కొందరు “అదే వేయించాల్సింది” అన్నారు!

చిన్న అభ్యంతరాలు ముందు చెప్పేస్తాను. బొమ్మల సినిమా పిల్లలకి గానీ డిగ్రీ వాళ్ళకేమిటని ఒకాయన అన్నాడు. ఆయన పావుగంటకే లేచి వెళ్ళాడు కాబట్టి, రక్తం పారిన సీన్లు ఆయన చూడలేదు. రజనీకాంత్ ‘రోబో’ ముందు ఇదెంత అని ఇంకొకరు. 2010లో శంకర్ తీసిన ఆ సినిమా నాకూ ఇష్టమే. కానీ అందులో ఉన్నది ఒక్క రోబో, దానికి ఒక్క ప్రేమ, ఒక్క కోపం. ఇందులో రోబోలు ఒక జనం. వాళ్ళు వీధులు ఊడుస్తారు, తలుపులు తీస్తారు, మోతలు మోస్తారు. ఎవరూ వాళ్ళ మొహం చూడరు. అసలు విలను ఎవరో సగంలోనే తెలిసిపోయిందని డిటెక్టివు నవలలు నమిలేసే మిత్రుడొకడు పెదవి విరిచాడు. అది నిజమే, నేను కాదనను. ధనవంతుడైన పాత స్నేహితుడు కథలోకి నవ్వుతూ వచ్చాడంటే అనుమానించడానికి హెర్క్యూల్ పాయిరో అక్కర్లేదు.

కథ బొత్తిగా అర్థం కాలేదన్న మాటలో మాత్రం న్యాయముంది. గంటన్నర లోపు సినిమాలో మూడు గంటల సరుకు కుక్కారు. ఏదీ విడమరచి చెప్పరు. గోడ మీద ఒక ప్రకటన, నడుస్తూ నడుస్తూ ఒక మాట, అంతే. పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే పోయినట్టు. రెండోసారి చూస్తే గానీ నాకూ సగం అందలేదు. ఇది గొప్పతనమని మన ఫిల్మ్ సొసైటీ మిత్రులంటున్నారు. గొప్పతనమో ఏమో గానీ, చూసేవాడి మీద కాస్త దయ ఉంటే ఇంకో పది నిమిషాలు పెంచేవారు.

అసలు తగువు వేరే ఉంది. “అవి యంత్రాలు. యంత్రానికి కష్టమేమిటి, సుఖమేమిటి? వాటి మీద జాలిపడమంటాడేమిటి దర్శకుడు?” ఇదీ మా క్లాసులో సగం మంది వాదన. సైన్సు విద్యార్థులం కాబట్టి ఆ మాట గట్టిగానే అన్నారు. నేను రెండో పక్షం.

రోబో అనే మాట ఎక్కడిదో చూడండి. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ ఒక నాటకం రాశాడు, మర్నాటి ఏడు ప్రాగ్‌లో ఆడారు. అందులో చాకిరీకి తయారుచేసిన కృత్రిమ మనుషులున్నారు. వాళ్ళకేం పేరు పెట్టాలో తోచకపోతే, చిత్రకారుడైన అన్న జోసెఫ్ ఇచ్చిన మాట అది. చెక్ భాషలో ‘రొబోత’ అంటే ప్రభువు పొలంలో రైతు కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. మన భాషలో చెప్పాలంటే వెట్టి. ఆ దేశంలో 1848లో అది రద్దయింది. మన దగ్గర వెట్టి మాట పుస్తకం చూసి నేర్చుకోవాల్సిన మాట కాదు. 1946 నుంచి 51 దాకా తెలంగాణలో పల్లెలు ఎందుకు లేచాయో తాతల్ని అడిగితే చెబుతారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశమంతటికీ వచ్చింది 1976లో. అంటే రోబో అన్న మాటలో మొదట్నుంచీ ఉన్నది ఇనుమూ కాదు, కరెంటూ కాదు. జీతం లేని చాకిరీ. అంచేత రోబో కథ ఎవరు చెప్పినా అది పనివాడి కథే అవుతుందని నా వాదన. పనివాడికి మనసుందా లేదా అన్న ప్రశ్న కూడా కొత్తదేం కాదు. జీతం ఎగ్గొట్టేవాడు ఎప్పుడూ ముందుగా అడిగే ప్రశ్న అదే.

ఈ సినిమాలో రోబోలకి కొన్ని కట్టుబాట్లు వేసి ఉంచారు. మనిషికి హాని చేయకూడదు, చెప్పిన మాట వినాలి, ఇలాంటివి. ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక కథలో రాసిన మూడు సూత్రాలకి ఇవి మనవలు. పట్నం మిత్రులు దీన్ని ‘ప్రోగ్రాం’ అంటున్నారు. నాకు మాత్రం ముకుతాడు గుర్తొచ్చింది. కోడెకి ముక్కు కుట్టి తాడు వేస్తారు. ఆ తాడు ఉన్నంత కాలం అరవై కిలోల మనిషి అంత ఒడ్డూ పొడవూ ఉన్న పశువుని తిప్పుకుంటాడు. దానికి తన బలం తెలియదని మనం అనుకుంటాం. తెలియకపోవడం కాదు, ముక్కు నొప్పి. సినిమాలో ముఠాలు చేసేది ఆ ముకుతాడు కోయడం. కోసిన మరుక్షణం ఆ రోబో ఏం చేస్తుందా అని హాలంతా ఊపిరి బిగబట్టింది. అందరూ హత్యలే ఊహించారు. తాడు తెగిన పశువు ముందు యజమానిని పొడుస్తుందనుకోవడం యజమానుల భయం. చాలాసార్లు అది చేలోకి పోయి మేస్తుంది.

ఇక కార్లోస్. ఈ పాత్ర కోసమైనా సినిమా రెండోసారి చూడొచ్చు. అతను పాత మోడలు. కొత్తవి వచ్చేశాయి. చచ్చిపోయిన మనిషి జ్ఞాపకాలన్నీ ఉన్నాయి గానీ ఆ మనిషి హక్కు ఒక్కటీ లేదు. కూతురు తన కూతురే అనుకుంటాడు, ఆ తల్లి మాత్రం అతన్ని దగ్గరికి రానివ్వదు. ఆవిడది తప్పని నేననను. భర్త పోయాడు, వచ్చినది నకలు. అయితే ఆ నకలు లోపల ఉన్నవాడు ఏమైపోవాలి? మా క్లాసులో ఒక అమ్మాయి ఇక్కడ మంచి మాటంది: “అతన్ని బతికించింది అతని కోసం కాదు, అతని పని కోసం” అని. ఆ మాట అయ్యాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు. దున్నే ఎద్దు ముసలిదైతే సంతకి తోలే ఇళ్ళలో పుట్టినవాళ్ళం మేం కొందరం ఉన్నాం కదా.

నన్ను బాగా పట్టుకున్నది ఇంకొకటి, మిగతావాళ్ళు పెద్దగా పట్టించుకోనిది. ఆ నోక్టిస్ నగరంలో మెదళ్ళు అద్దెకిచ్చే చోట్లున్నాయి. డబ్బు కావలసినవాళ్ళు అక్కడికి వెళ్ళి పడుకుంటారు. వాళ్ళ బుర్రని కంపెనీలు లెక్కలు చేసుకోవడానికి వాడుకుంటాయి. నిద్ర లేచాక డబ్బిస్తారు. ఎవరి కోసం ఏ లెక్క చేశామో చేసినవాడికే తెలియదు. అలా బుర్రలు అమ్ముకునేవాళ్ళలో చదువుకునే పిల్లలుంటారు!

ఆ సీను వచ్చినప్పుడు మా వరుసలో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా హాస్టల్లో ఒకరిద్దరు రాత్రిళ్ళు సెల్‌ఫోన్లో బొమ్మలకి గుర్తులు పెట్టే పని చేస్తున్నారు. ఇది కారు, ఇది మనిషి, ఇది చెట్టు అని గీత గీసి చెప్పాలి. బొమ్మకింత అని పైసలు. ఆ గుర్తులతో ఎక్కడో ఒక యంత్రం చూపు నేర్చుకుంటుంది. ఏ యంత్రమో, రేపు అది ఎవడి ఉద్యోగం చేస్తుందో వీళ్ళకెవరూ చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు, మెస్సు బిల్లు కట్టాలి కాబట్టి. ఆ మాటకొస్తే కంప్యూటరు “నువ్వు రోబోవి కాదని రుజువు చెయ్యి” అని ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించి నొక్కమంటుంది కదా, నొక్కిన మనమందరం జీతం లేకుండా యంత్రాలకి చదువు చెప్పినవాళ్ళమే. 2200 దాకా ఆగనక్కర్లేదన్నమాట. సినిమా తీసినవాళ్ళు ఇక్కడ రోబో చాకిరీనీ మనిషి చాకిరీనీ ఒకే సంతలో పక్కపక్కన నిలబెట్టారు. ఒకడికి ఇనుప ఒళ్ళు, ఇంకొకడికి ఫీజు బాకీ.

యంత్రమంటేనే నాకు పడదని ఎవరైనా అనుకుంటారేమో. అది కాదు. కోతల కాలంలో మనిషి దొరక్క, దొరికినా కూలి ఇచ్చుకోలేక, పండిన చేను చూసుకుంటూ నిద్రపట్టని రాత్రులు మా ఇంట్లో ఉన్నాయి. కోత మిషను వచ్చాక ఎకరం గంటా గంటన్నరలో అయిపోతోంది. మా నాన్న ఆ మిషన్ని దేవుణ్ణి చూసినట్టు చూస్తాడు. అదే మిషను వచ్చాక మా చేలో కొడవలి పట్టిన ఆడవాళ్ళు ఏమయ్యారని అడిగితే, కొందరు పట్నంలో ఇళ్ళ పనికి పోయారు, కొందరు ఉపాధి పని కోసం చూస్తున్నారు. ఆ మిషను ఎవరిది, అది మిగిల్చిన డబ్బు ఎవరి జేబులోకి పోతుంది, అదీ లెక్క. యంత్రం మంచిదా చెడ్డదా అని వ్యాసరచన పోటీల్లో అడుగుతుంటారు గానీ, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, దానికి అర్థముందని కూడా నాకు తోచదు.

ముగింపు దగ్గర మళ్ళీ రెండు పార్టీలయ్యాయి. చూడాలనుకునేవారు ఈ పేరా దాటేయవచ్చు. చివర రోబోలు తిరగబడి మనుషుల్ని చంపవు. ఒళ్ళు ఇక్కడే వదిలేసి, లోపలి ప్రాణం లాంటిదేదో పట్టుకుని ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. వీధుల్లో ఖాళీ ఇనుప ఒళ్ళు మిగులుతాయి. కార్లోస్ కూడా ఆ దారే పడతాడు. “ఇది పారిపోవడం, పోరాటం కాదు” అని యూనియన్ మిత్రులు చాలా మంది కోప్పడ్డారు. నేను ఒప్పుకోను. వెనకటి రోజుల్లో పన్నుల బాధ పడలేక రైతులు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసి అవతలి సీమకి పోయేవారని చరిత్ర పాఠాల్లో చదివాం. దున్నేవాడు లేని పొలాన్ని ఏలుకోమని వదిలేయడం కూడా ఒక దెబ్బే. సమ్మె అంటే ఏమిటి మరి, చెయ్యి వెనక్కి తీసుకోవడమే కదా.

ఐతే ఆ వాదనకి నేనే ఒక మెలిక పెట్టుకున్నాను, అది ఇంకా విడలేదు. రోబోలు కదలకముందే వాటి స్థానంలో పెట్టడానికి రోయ్‌జాకర్ కంపెనీ కొత్త సరుకు సిద్ధం చేసుకుంది. లోహంతో కాదు, జీవపదార్థంతో చేసినవి. (చాపెక్ నాటకంలో రోబోలు కూడా ఇనుపవి కావు, జీవపదార్థంతో చేసినవే. నూరేళ్ళు తిరిగి అక్కడికే వచ్చాం.) పాత పనివాళ్ళు వెళ్ళిపోతే కంపెనీకి పోయేదేమీ లేదు, గోదాము ఖాళీ అవుతుంది. అప్పుడది సమ్మె అవుతుందా, గౌరవంగా సాగనంపిన లేఆఫ్ అవుతుందా? ఆర్థిక శాస్త్రం లెక్చరర్ గారిని అడిగాను. నవ్వి, “రోబోలకి అవతలి గట్టు ఉంది. మీ కోడవలి ఆడవాళ్ళకి ఉందా?” అన్నారు. నేను వాదించాల్సింది వాదించాను గానీ ఆయన వేసిన ప్రశ్న నాతోనే హాస్టలుకి వచ్చింది.

చివరగా యూనియన్ వారికి ఒక విన్నపం. సినిమాని ఇంగ్లీషు అక్షరాలతో వేశారు. ఆ అక్షరాలు వచ్చిన వేగానికి తెలుగు మీడియం నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళం బొమ్మ చూస్తే మాట పోయింది, మాట చదివితే బొమ్మ పోయింది. కథ అర్థం కాలేదన్నవాళ్ళలో సగం మంది బాధ అదే, పైకి చెప్పరు. సినిమా నిడివి ఎంతో లేదు, మాటలూ మరీ ఎక్కువ లేవు. తెలుగు శాఖ నుంచి ఇద్దరు, మా సైన్సు వాళ్ళం ఇద్దరం కూర్చుంటే సంక్రాంతి సెలవుల్లో మాటలన్నీ తెలుగులో రాసేయగలం. కాగితం మీదైనా సరే, ముందుగా హాల్లో పంచితే చాలు. రెండో ఆట వేయడానికి ప్రొజెక్టరు ఖాళీ ఉన్న శనివారం ఏదో చూసి చెప్పండి. వచ్చే నెల పరీక్షల ముందైతే మాత్రం వద్దు.