వేదాంత విద్యకు ఊరి బాట

యూనియన్ వార్షిక సంచికలో పాస్టర్ల చదువు గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. కాని చదువు ఎవరి కోసం అన్న ప్రశ్న ఇంజనీరుకూ, డాక్టరుకూ ఎంత వర్తిస్తుందో వేదాంత విద్యార్థికీ అంతే వర్తిస్తుంది. మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో సంఘకాపరి అంటే ఆదివారం ప్రసంగం చేసిపోయే మనిషి మాత్రమే కాడు. దరఖాస్తు రాసిపెట్టేది ఆయనే, దవాఖానకు తోడు పోయేది ఆయనే, అన్నదమ్ముల పంచాయితీ తెంపేదీ ఆయనే. అటువంటి మనిషి ఏమి చదువుకుంటున్నాడన్నది చర్చికి వెళ్ళనివాళ్ళకు కూడా పట్టవలసిన సంగతి.

ఈ చర్చకు మన ప్రాంతంలోనే పెద్ద చరిత్ర ఉంది. నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య వచ్చారు. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. 1945లో కన్నుమూసేదాకా డోర్నకలే ఆయన కార్యక్షేత్రం. తాను తెలుగు నేర్చుకొని, మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవారినే ఉపదేశులుగా, గురువులుగా తీర్చిదిద్దారు. శిక్షణకు వచ్చినవాడు భార్యాబిడ్డలతో వచ్చేవాడు; ఆమెకూ పాఠాలుండేవి. పుస్తకంతోపాటు చేతిపని, సేద్యం కూడా చదువులో భాగమే. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథీడ్రల్‌ను చూసినవారికి ఆయన ఆలోచన ఇట్టే అర్థమవుతుంది. గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ ఒకే కట్టడంలో కలిసి కనిపిస్తాయి. ఈ నేల మీద నిలబడవలసిన విశ్వాసం ఈ నేల భాషలోనే మాట్లాడాలన్నది అందులోని పాఠం.

తరువాత కాలం మారింది. 1964లో డోర్నకల్, లూథర్‌గిరి, రామాయపట్నం వేదాంత విద్యాలయాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా ఏర్పడ్డాయి. 1973లో అది హైదరాబాదుకు తరలింది. ఆంగ్లికన్, లూథరన్, బాప్టిస్టు అన్న గోడలు తగ్గాయి, మంచి గ్రంథాలయం సమకూరింది, శ్రీరాంపూర్ సెనేట్ పట్టాలతో ప్రమాణాలు పెరిగాయి. ఇవి చిన్న విషయాలు కావు, వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఒక్కటి మాత్రం గమనించాలి. చదువు పట్నం చేరేకొద్దీ దానికీ పల్లె సంఘానికీ మధ్య దూరం పెరిగింది. విద్యార్థి ప్రశ్నలు పుస్తకం నుంచి పుట్టడం మొదలైంది, మనిషి నుంచి కాదు.

మరి మన మనుషుల ప్రశ్నలేమిటి? భూపాలపల్లిలో సింగరేణి కాకతీయ గనుల్లో కాంట్రాక్టు కూలీ అడిగేది ఒకటి, ఓపెన్‌కాస్టు కింద భూమి పోయిన రైతు అడిగేది మరొకటి. మానుకోట వైపు మిరప వేసి ధర పడిపోయి అప్పులపాలైన కుటుంబాన్ని ఏ మాటతో ఓదార్చాలి? ఆ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. తండాలో లంబాడీ, గూడెంలో కోయ మాట్లాడే ఇంటికి కాపరి ఏ భాషతో వెళ్ళాలి? జనగామ పల్లెల్లో పిల్లలు పని కోసం హైదరాబాదు పోతే ఇంటిదగ్గర మిగిలిన ముసలివాళ్ళకు సంఘం ఏమవుతుంది?

ఇంకొక ప్రశ్న మరీ కఠినమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. దళిత క్రైస్తవులకు మాత్రం ఇవ్వలేదు. మన దగ్గర వారు బి.సి. ‘సి’ గ్రూపు కింద 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. గిరిజనులకు మతంతో ఇటువంటి షరతు లేదు. ఈ విషయంపై 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. కుల సర్టిఫికెట్టు కాగితం పట్టుకొని పిల్లవాడు వస్తే ఈ సంగతులు విడమరచి చెప్పలేని కాపరి, సమానత్వం గురించి ఎంత ప్రసంగించినా ఏం లాభం? 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ దళితుల అనుభవమే వేదాంతానికి మొదలు కావాలని వాదించారు. ఆ వాదం గ్రంథాలయాల్లోకి చేరింది గాని వాడలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

కాబట్టి నా సూచనలు ఇవి. వేదాంత విద్యార్థి చదువుకాలంలో కనీసం మూడో వంతు ఒక పల్లె సంఘంలో కాపురముండి గడపాలి. వేసవి సెలవుల్లో చుట్టపుచూపుగా పోయి వస్తే చాలదు. మార్కులు వేసేటప్పుడు ఆ సంఘపెద్దల మాట, ముఖ్యంగా ఆడవాళ్ళ మాట లెక్కలోకి రావాలి. భూమి కాగితాలు, కూలి చట్టాలు, ప్రభుత్వ పథకాలు, తాగుడు మానిపించే ఉపాయాలు పాఠ్యాంశాలు కావాలి. దక్షిణ ఇండియా సంఘం 1976లో స్త్రీలకు గురుత్వ అభిషేకం మొదలుపెట్టింది. 2013లో నంద్యాలలో పుష్పలలితగారు ఆ సంఘపు తొలి మహిళా బిషప్పు అయ్యారు. మన పల్లెల్లో ప్రార్థన కూటాలను నడుపుతున్న అక్కలకు మాత్రం చదువు తలుపు ఇంకా ఓరగానే తెరిచి ఉంది.

అందరూ హాస్టలుకు పోలేరు, నిజమే. 1963లో గ్వాటెమాలాలో కాపరులను ఊళ్ళలోనే ఉంచి, ఉపాధ్యాయుడే వారి దగ్గరకు వెళ్ళే పద్ధతి మొదలైంది. 1971లో బెంగుళూరు కేంద్రంగా ‘టాఫ్టీ’ మన దేశంలో దాన్ని అందుకొంది. నెలకు రెండుసార్లు జనగామలో ఒకచోట, మానుకోటలో ఒకచోట, భూపాలపల్లిలో ఒకచోట తెలుగులో తరగతి పెడితే, పగలు కూలికిపోయి రాత్రి ప్రసంగం చేసే స్వతంత్ర సంఘాల కాపరులూ వస్తారు. శిక్షణ లేదని వారిని ఎగతాళి చేయడం సులువు. వారికి శిక్షణ అందించడమే మన పని.

ఇలాగైతే గ్రీకు, హెబ్రీ ఏమవుతాయని పెద్దలు అడుగుతారు. ఉండవలసిందే. మూలభాష తెలియనివాడు ఎవరో చెప్పిందే చిలకపలుకులుగా పలుకుతాడు. కాని రెండువేల ఏండ్ల నాటి గ్రీకు మాటకు అర్థం వెదికే ఓపిక ఉన్నవాడికి, పక్కింటి కోయమాటను వినే ఓపిక కూడా ఉండాలి గదా! ప్రమాణం తగ్గించమని నేను అనడం లేదు. ప్రమాణాన్ని కొలిచే చోటు మార్చమంటున్నాను.

విద్యార్థి మిత్రులారా, అధ్యాపకులారా! ఈ పని వేదాంత కళాశాలలు ఒంటరిగా చేయలేవు. మన సాంఘికశాస్త్ర శాఖ, న్యాయశాఖ, అర్థశాస్త్ర శాఖ వారితో చేయి కలిపితే వారికీ మేలు, మనకూ మేలు. మన డిగ్రీల్లోనూ పల్లె ఎంతవరకు ఉందో ఆ పనిలో తేలిపోతుంది. పట్టా గోడకు వేలాడుతుంది, సంఘం మాత్రం మనుషుల మధ్య బతుకుతుంది. చదువు వేలాడే చోట కాక బతికే చోట ఉండాలని నా మనవి.