మూడు చెంచాల లెక్క!

పులుసు దించి కాసేపు కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది. వంటింట్లో అందరికీ తెలిసిన ఈ సంగతే సముద్రాన్ని కాపాడే ఓ యంత్రానికి ఆధారం.

ఓడ ఇంజిన్ గదిలో పంపుల నుంచీ పైపుల నుంచీ నీళ్లు కారుతుంటాయి. ఇంధనం, కందెన నూనె కూడా బొట్లుబొట్లుగా రాలుతుంటాయి. అన్నీ చేరేది ఓడ అట్టడుక్కే. దాన్నే బిల్జ్ అంటారు. ఆ నీటిని తోడెయ్యకపోతే ఓడకు ముప్పు. అలాగని ఉన్నదున్నట్టు వదిలేస్తే చేపలకూ పక్షులకూ ముప్పు. అందుకే 1983లో అమల్లోకి వచ్చిన 'మార్పోల్' అంతర్జాతీయ ఒప్పందం దీనికో హద్దు పెట్టింది. ఇప్పటి నిబంధన ప్రకారం ఓడ వదిలే బిల్జ్ నీటిలో పదిలక్షల పాళ్లకు నూనె 15 పాళ్లు మించకూడదు. అంటే వెయ్యి లీటర్లకు దాదాపు మూడు టీస్పూన్లన్నమాట!

అంత శుభ్రం ఎలా చేస్తారు? బిల్జ్ నీటిని ముందు ఓ తొట్టిలోకి నెమ్మదిగా పంపుతారు. గబగబా తోడితే నూనె, నీరు మజ్జిగలా చిలికినట్టయి ఓ పట్టాన విడిపోవు. తొట్టిలోని పలకలకు సన్నని నూనె బొట్లు అంటుకుని, ఒకదాంతో ఒకటి కలిసి, పెద్దవై పైకి తేలతాయి. ఆ నూనె వేరే ట్యాంకులోకి పోతుంది. గది కడిగిన సబ్బు కలిస్తేనే తంటా. నూనె మరీ సన్నని తుంపరై తేలనంటుంది. దాన్ని రెండోదశలోని ఫిల్టర్లు పడతాయి. చివర కాపలా ఓ మీటరుది. నీటిలోంచి కాంతిని పంపి ఎంత నూనె ఉందో చెబుతుంది. లెక్క 15 దాటిందా... అలారం మోగుతుంది. పెద్ద ఓడల్లోనైతే వాల్వు దానంతటదే తిరిగి నీటిని వెనక్కి పంపేస్తుంది.

ఇంత కాపలా ఉన్నా దొడ్డిదారి వెతికేవాళ్లు ఉంటారు. 2013 ఆగస్టులో 'కరీబియన్ ప్రిన్సెస్' విహారనౌక ఇంగ్లండ్ తీరానికి దూరంగా దాదాపు 16 వేల లీటర్ల నూనె నీటిని సముద్రంలోకి వదిలేసింది. యంత్రాన్ని తప్పించి నేరుగా బయటికి వెళ్లేలా 'మ్యాజిక్ పైపు' తగిలించారు. మీటరును ఏమార్చడానికి శుభ్రమైన సముద్రపు నీటిని పంపారు. కొత్తగా చేరిన ఓ ఇంజినీరు అది చూశాడు. ఓడ సౌతాంప్టన్ చేరగానే ఉద్యోగం వదిలేసి అధికారులకు చెప్పేశాడు. 2016లో ప్రిన్సెస్ కంపెనీ తప్పు ఒప్పుకుని 4 కోట్ల డాలర్ల జరిమానాకు తలొగ్గింది. 2017లో అమెరికా కోర్టు ఆ ఇంజినీరుకు 10 లక్షల డాలర్లు ఇవ్వమంది.

నూనెను యంత్రం పడుతుంది. మోసాన్ని పట్టడానికి మాత్రం మనిషే కావాలి!