ఎండినంత మాత్రాన శుభ్రమా?

సంతలో గోరుచిక్కుడు ఒరుగులు, మామిడి ఒరుగులు, చల్ల మిరపకాయలు కుప్పలు పోసి అమ్ముతుంటే చెయ్యి ఆగదు. ఎర్రటి ఎండలో ఎండినవే కదా, ఏ క్రిమీ బతకదులే అని మనకో ధీమా. తిరకాసంతా అక్కడే ఉందండీ.

ఎండ నీటిని లాగేస్తుంది. నీళ్లు లేకపోతే బ్యాక్టీరియా పెరగదు, నిజమే. కానీ పెరగకపోవడం వేరు, చావడం వేరు. జ్వరం, విరేచనాలు పట్టించే సాల్మొనెల్లా పొడి సరుకులో నెలల తరబడి అలా పడి ఉండి, తడి తగలగానే లేచి కూర్చుంటుంది. 2009-10లో అమెరికాలో సలామీ అనే నిల్వ మాంసం తిని 270 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆరా తీస్తే, చివర్లో పైన అద్దిన మిరియాలు, ఎండుమిర్చి మీదే అనుమానం తేలింది!

మన దగ్గర రోడ్డు వారన పట్టా పరిచి ఆరబోస్తే దుమ్ము, ఈగలు, కోళ్లు... అన్నీ ఓ చెయ్యి వేసే పోతాయి. సాయంత్రం ఎత్తకపోతే ముక్కలు చెమ్మ పీల్చుకుంటాయి. మందంగా తరిగినవి పైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉండిపోతాయి. అలాంటి చోట పట్టే బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. అది కాలేయానికి చేటు. బూజు దులిపి మళ్లీ ఎండబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. పారేయడమే. కారప్పొడి సంగతి మరీ కష్టం, పొడి అయ్యాక కాయ ఎలా ఉండేదో ఎవరికి తెలుస్తుంది?

కొనేటప్పుడు ఒక ముక్క విరిచి చూడండి. టప్పున విరగాలి. వంగితే, ముక్కిన వాసన వస్తే వద్దు. అయితే బ్యాక్టీరియాకి వాసనా ఉండదు, రంగూ ఉండదు.

ఒరుగుల్ని నూనెలో వేయిస్తాం, పులుసులో ఉడికిస్తాం కాబట్టి చాలామటుకు గండం గడుస్తోంది. నాకు భయమల్లా ఈమధ్య అందరూ కొంటున్న మునగాకు పొడితోనే. పొయ్యి మొహం చూపించకుండా మజ్జిగలో కలిపేసి తాగుతున్నారు, పిల్లలకీ పట్టిస్తున్నారు. ఆకు కడిగారో లేదో, ఎక్కడ ఆరబెట్టారో సంతలో అడిగితే ఎవరు చెప్తారు? పప్పులోనో, చారులోనో వేసి రెండు పొంగులు రానివ్వండి.

ఇంకోటి. బాసిల్లస్ సీరస్ అనే బ్యాక్టీరియా బీజాలు నీళ్లు మరిగినా చావవు. ఒరుగుల కూర రాత్రంతా గట్టు మీద వదిలేస్తే అవి మేలుకుంటాయి. వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటకి సరిపడానే వండుకోండి.