దీపం వెలిగింది... లోకమే ట్యూబ్‌లైట్!

నలుగురూ నవ్వేశాక జోకు అర్థమయ్యేవాణ్ని మనవాళ్లు 'ట్యూబ్‌లైట్' అంటారు. స్విచ్చి వేశాక రెండు మూడుసార్లు మిణుకు మిణుకుమంటే గానీ పాత ట్యూబు వెలిగేది కాదు కదా, అందుకని. అదే పేరున్న ఓ దీపం కథలో మాత్రం వ్యవహారం తిరగబడింది. దీపం టైముకే వెలిగింది. నలభై అయిదేళ్ల పాటు మిణుకు మిణుకుమన్నది లోకమే!

ఆ దీపాన్ని గీసినావిడ పేరు ఐలీన్ గ్రే. 1878లో ఐర్లండ్‌లో పుట్టింది. లండన్‌లో చిత్రకళ నేర్చుకుని ప్యారిస్ చేరింది. అక్కడ సుగావారా అనే జపాన్ కళాకారుడి దగ్గర ల్యాకర్ పని పట్టుకుంది. ఓ చెట్టు పాలతో వేసే పూత అది. ఒకటి ఆరాక అరగదీసి ఇంకొకటి... అలా ఇరవై ముప్ఫై పూతలు పడితే గానీ ఆ నిగనిగ రాదు. చేతుల నిండా దద్దుర్లు లేచినా ఆమె వదల్లేదు.

ఇంటీరియర్ డెకరేటర్ అంటే కర్టెన్లకు ఏ రంగు నప్పుతుందో చెప్పే మనిషి అనుకుంటారు చాలామంది. ఆనాటి ప్యారిస్‌లో కథ వేరు. ఫ్లాటు ఒప్పుకున్న డెకరేటరే గోడలూ, కుర్చీలూ, తివాచీలూ, చివరికి మూలన నిలబడే దీపం దాకా గీసి చేయించాలి. గ్రే చేసింది అదే. 1922లో ప్యారిస్‌లోనే ఓ దుకాణం తెరిచింది. దానికి పెట్టిన పేరు 'జాఁ దెజేర్'. ఆ పేరుగల మగమనిషి ఎక్కడా లేడు! కానీ బోర్డు మీద మగపేరు ఉంటేనే గిరాకీ అనుకోవాల్సిన రోజులవి.

మరుసటి ఏడాది ఓ ప్రదర్శనలో తను అలంకరించిన పడగ్గదిని పెట్టింది. హారర్ సినిమా సెట్టులా ఉందంటూ ఫ్రెంచి విమర్శకులు ఎగతాళి చేశారు. నెదర్లాండ్స్ ఆర్కిటెక్టులు మాత్రం మెచ్చుకున్నారు. అక్కడి పత్రిక ఒకటి 1924లో ఏకంగా ఓ సంచికనే ఆమెకు కేటాయించింది. ఇంట గెలవకపోయినా రచ్చ గెలిచిందన్నమాట.

ఇక ఆ దీపం సంగతి. నేలమీద నిలబడే దీపమంటే మనకు సెమ్మె గుర్తొస్తుంది. అప్పటి యూరప్ ఇళ్లలో అయితే కొయ్య స్తంభం, దాని మీద కుచ్చులు వేలాడే పట్టు గొడుగు. బల్బు కంటబడటం మోటుతనం కింద లెక్క. గ్రే కూడా మొదట్లో ల్యాకర్ పీటల మీద గొడుగు దీపాలే చేసింది. 1927 నాటికి అవన్నీ తీసి పక్కన పడేసింది. ఓ గుండ్రటి పీట, మెరిసే క్రోమియం పూత వేసిన సన్నటి స్టీలు గొట్టం, దాని పక్కనే నిటారుగా వెలిగే గాజు గొట్టం. అంతే! మొత్తం కలిపి మీటరు కన్నా కాస్త ఎత్తు. గొడుగు లేదు, కుచ్చులు లేవు, దాచిపెట్టడమే లేదు. అన్నట్టు, మన ఇళ్లలోకి వచ్చిన ఫ్లోరసెంట్ ట్యూబు మార్కెట్లో దిగింది 1938లో. గ్రే వాడింది లోపల ఫిలమెంటు ఉండే పొడవాటి బల్బు. అంటే మన ట్యూబ్‌లైటు పుట్టడానికి పదకొండేళ్ల ముందే ఆమె దాని రూపాన్ని ఇంట్లో నిలబెట్టిందన్నమాట.

దీపం గీసిన రోజుల్లోనే ఫ్రాన్స్ దక్షిణ తీరంలో సముద్రానికి ఎదురుగా ఇల్లు కడుతోంది. ఆర్కిటెక్చర్ చదువుకున్న మనిషి కాదు. అయినా 1929 నాటికి పూర్తి చేసింది. పేరు 'ఇ-1027'. ఫోను నంబరులా ఉన్నా అది ప్రేమగుర్తు. ఇ అంటే ఐలీన్. ఇంగ్లిష్ అక్షరాల వరసలో పదోది జె, రెండోది బి... స్నేహితుడు జాఁ బాదోవిచి. ఏడోది జి, అంటే గ్రే. ఆమె ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయాక, 1938-39లో ఓ పెద్దమనిషి వచ్చి గోడల నిండా బొమ్మలు వేశాడు. ఆమెను మాటమాత్రంగానైనా అడగలేదు. ఆయన ఎవరో కాదు, తరవాత మన చండీగఢ్‌ను తీర్చిదిద్దిన లె కార్బూజియే. ఎంత గొప్పవాడైతేనేం, అడగకుండా వేరొకరి పనిమీద రంగు పులమడాన్ని ఆమె ఎప్పటికీ క్షమించలేదు.

ఆమె విలువ తెలిసినవాళ్లు అసలే లేరా అంటే ఉన్నారు. ఇందోర్ మహారాజా యశ్వంత్‌రావు హోల్కర్ 1930ల మొదట్లో కట్టించుకున్న మాణిక్ బాగ్ ప్యాలెస్‌కు యూరప్ నుంచి వచ్చిన సామానులో గ్రే చేసిన 'ట్రాన్సాట్' కుర్చీ కూడా ఉంది. కానీ అలాంటివాళ్లు వేళ్లమీద లెక్క. 1930లోనే దుకాణం మూతపడింది. యుద్ధం తరవాత ఆమె పేరు తలచినవాళ్లే తక్కువ.

1972లో ప్యారిస్‌లో ఓ వేలం జరిగింది. గ్రే 1914లో చేసిన ల్యాకర్ తెర ఒకటి అందులో ఊహించనంత ధర పలికింది. అప్పటికి ఆమెకు తొంభై నాలుగేళ్లు! మరుసటి ఏడాదే, ఆమె గీసిన వస్తువులను మళ్లీ తయారు చేయించడానికి జీవ్ ఆరమ్ అనే లండన్ ఫర్నిచర్ వ్యాపారి ఒప్పందం చేసుకున్నాడు. 1976లో, 98 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. 2009లో ఆమె చేసిన ఒకే ఒక్క కుర్చీ దాదాపు 2.19 కోట్ల యూరోలకు పోయింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో సుమారు 140 కోట్లు.

కొత్తగా చేసిన ట్యూబ్ లైట్‌కు అంత ధర ఉండదు, కంగారు పడక్కర్లేదు. జర్మనీకి చెందిన క్లాసికాన్ కంపెనీ లైసెన్సు తీసుకుని దాన్ని తయారు చేస్తోంది. పాత ఫిలమెంటు గొట్టం పోయి ఎల్ఈడీ వచ్చింది. స్టాండు మాత్రం 1927లో ఆమె గీసినట్టే ఉంది.