కావలి సంస్థకు రాజముద్ర

బ్యాంకు వాకిటను, ఆసుపత్రి క్యాజువాలిటీ ముంగిటను, విశ్వవిద్యాలయ ద్వారమునను, మెట్రో స్టేషనునను సామాన్యుడు ప్రతిదినము ఎదుర్కొను యూనిఫారము మనిషి ప్రభుత్వోద్యోగి కాడు. ఏదో ఒక ఏజెన్సీ నెలజీతమునకు కుదుర్చుకొని పంపిన సెక్యూరిటీ గార్డు. మన సంచి తెరచి చూచుటకును, మనలను నిలిపి ప్రశ్నించుటకును, లోనికి పోనిచ్చుటకును పోనీయకుండుటకును ఆతనికి గల అధికారము చట్టదృష్టిలో అత్యల్పమే అయినను, ఆచరణమున మాత్రము అది పోలీసు అధికారమునకు నీడవలె మెలగుచుండును. ఇట్టి మనిషిని పంపు సంస్థ నమ్మదగినదని ఎవరు నిర్ణయింపవలెను, ఆ నిర్ణయము ఏ పరీక్షలపై నిలువవలెను అను ప్రశ్నకు బ్రిటను దేశము ఇచ్చుకొన్న సమాధానము మనకును పరిశీలనార్హమైనది. ఏలయన అచటి పద్ధతి మన పద్ధతికి సరిగా తలక్రిందుగా నున్నది.

1990ల దశకమున బ్రిటిషు నగరములలో నైట్‌క్లబ్బుల ద్వారములకడ నిలుచు బౌన్సర్లలో నేరచరితులు చొరబడిరనియు, ద్వారము ఏ ముఠా చేతిలో నుండిన లోపలి మాదకద్రవ్యముల వ్యాపారము ఆ ముఠాదే యగుచున్నదనియు ఆరోపణలు ప్రబలెను. కంచెయే చేను మేయుచున్నదన్న ఈ ఆందోళన ఫలితముగా 1999లో ప్రభుత్వము శ్వేతపత్రమును ప్రకటించెను; 2001లో పార్లమెంటు ప్రైవేటు సెక్యూరిటీ పరిశ్రమ చట్టమును చేసెను; ఆ చట్టము ననుసరించి 2003లో సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ, సంక్షేపముగా ఎస్.ఐ.ఎ., ఏర్పడెను.

ఈ చట్టము రెండంతస్తుల కట్టడము. క్రింది అంతస్తు నిర్బంధము: కాంట్రాక్టుపై కాపలా కాయు గార్డు, ద్వారరక్షకుడు, అంగరక్షకుడు, నగదు రవాణా సిబ్బంది, బహిరంగ స్థలముల సి.సి.టి.వి. ఆపరేటరు, వీరిలో ప్రతి యొక్కరును శిక్షణ పొంది, నేరచరిత్ర విచారణకు లోబడి, వ్యక్తిగత లైసెన్సు తీసికొని తీరవలెను. అట్టి సేవలమ్ము కంపెనీ డైరెక్టరునకు సైతము లైసెన్సు కావలయును. లైసెన్సు లేక పనిచేసినవానికి ఆరు మాసముల వరకు కారాగారము విధింపవచ్చును. పై అంతస్తు ఐచ్ఛికము: 14వ సెక్షను క్రింద అథారిటీ ‘ఆమోదిత కాంట్రాక్టర్ల’ పట్టిక నొకదానిని నిర్వహించును, అందు చేరుటయో మానుటయో కంపెనీ ఇష్టము. కొన్ని సేవలకు ఆమోదమును నిర్బంధము చేయుటకు 17వ సెక్షనులో అవకాశమున్నను దానిని ప్రయోగించుటకు ఏ ప్రభుత్వమును సాహసింపలేదు. అయితే పట్టికలో లేకయే ఉన్నట్లు చాటుకొనుట మాత్రము 16వ సెక్షను ప్రకారము నేరము. అనగా ముద్ర వేయించుకొనకపోవుట తప్పు కాదు. దొంగముద్ర వేసికొనుట తప్పు.

ఆమోదము కోరు కంపెనీ తొలుత తన్ను తానే పరీక్షించుకొనవలెను. నాయకత్వము, ప్రణాళిక, సేవా నిర్వహణ, ఆర్థిక స్థితి, సిబ్బంది సంరక్షణ, కొనుగోలుదారులతోడి సంబంధములు అను శీర్షికల క్రింద అథారిటీ నిర్దేశించిన అనేక సూచికలకు ఎదురుగా తన స్థితిని, దానికి సాక్ష్యములను వ్రాసికొనవలెను. అటుపిమ్మట అథారిటీచే గుర్తింపు పొందిన స్వతంత్ర మదింపు సంస్థలలో నొకదాని అసెసరు స్వయముగా వచ్చి ఆ వ్రాతను వాస్తవముతో సరిచూచును. ప్రతి సూచికయందును కనీసస్థాయి నందుకొనవలసినదే గాని, ఒకచోటి లోటును మరొకచోటి ఆధిక్యముతో పూడ్చుకొన వీలులేదు. యజమానులు సచ్చరిత్రులా, పన్నులు సక్రమముగా చెల్లించుచున్నారా అను విచారణయు సమాంతరముగా నడచును. మదింపు చేయువాడొకడు, ఆమోదించువాడు వేరొకడు: అసెసరు నివేదిక యిచ్చును, నిర్ణయము అథారిటీది. నిరాకరణకు గురియైన కంపెనీ మేజిస్ట్రేటు కోర్టున అప్పీలు చేసికొనవచ్చును. లభించిన ఆమోదము మూడేండ్లు చెల్లును. కాని యేటేటను పునఃపరిశీలన తప్పదు.

ఈ పరీక్షలో మిక్కిలి సూక్ష్మమైన భాగము కార్యాలయపు బీరువాలో నుండును. అసెసరు తనకు తోచిన గార్డుల పర్సనల్ ఫైళ్లను కొన్నింటిని బయటికి తీయించును. బ్రిటిషు ప్రమాణము బి.ఎస్. 7858 ననుసరించి, ఆ మనిషి గత అయిదేండ్లలో ఎక్కడ చదివెను, ఎవరికడ పనిచేసెను, ఎప్పుడు నిరుద్యోగిగా నుండెను అను వివరములు తెగని గొలుసుగా ఆ ఫైలులో కనబడవలెను. నడుమ నెలకు మించిన ఖాళీ వచ్చినచో దానికి సంజాయిషీయు, ఆ సంజాయిషీకి ఋజువును ఉండవలెను. పిదప అసెసరు డ్యూటీ స్థలమునకే పోయి, అచటి గార్డును పలుకరించి, నిప్పంటుకొనినచో ఎవరికి ఫోను చేయుదువని, రాత్రివేళ కంట్రోల్ రూమునకు ఎన్ని గంటల కొకసారి చెక్ కాల్ ఇత్తువని, నీ సూపర్‌వైజరు కడపటిసారి ఎప్పుడు వచ్చెనని అడుగును. కంపెనీ వ్రాసికొన్న ప్రణాళిక ఎంత సుందరమైనదైనను, గేటుకడ నిలిచిన మనిషికి అసైన్‌మెంటు సూచనలున్న ఫైలు ఎక్కడ నున్నదో తెలియకపోయినచో ఆ సౌందర్యము వ్యర్థము.

నిర్బంధము లేని ఈ శ్రమకు కంపెనీలు ఏల పూనుకొనును? రెండు ప్రలోభములు కలవు. మొదటిది చట్టమే యిచ్చినది: ఆమోదిత సంస్థ, లైసెన్సు దరఖాస్తు ఇంకను విచారణలో నున్న సిబ్బందిని, తన బలగమున నూటికి పదునైదుగురికి మించకుండ, డ్యూటీలో పెట్టుకొనవచ్చును. పెద్ద కాంట్రాక్టు చేతికి వచ్చి, వారములలో వందలమందిని చేర్చుకొనవలసిన సంస్థకు ఈ వెసులుబాటు బంగారమే. రెండవది బజారు ఇచ్చినది: స్థానిక సంస్థలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయములు తమ టెండరు షరతులలో ఆమోదిత సంస్థయే కావలెనని వ్రాయుట పరిపాటియైనది. ఈ విధముగ చట్టము స్వేచ్ఛ అని విడిచిన దానిని కొనుగోలుదారు నిర్బంధముగా మార్చినాడు. దీనివలన పెద్ద సంస్థలకు మేలే. పదిమంది గార్డులతో నడచు చిన్న ఏజెన్సీకి మాత్రము రుసుములు, మదింపు ఖర్చు, కాగితపు పని మోయరాని బరువగుచున్నవి.

అయినను ముద్ర వేరు, భద్రత వేరు అని చాటిన ఘట్టములు లేకపోలేదు. 2007 నవంబరులో, ఆ దేశమున పనిచేయు హక్కు లేని వేలమందికి అథారిటీయే లైసెన్సు లిచ్చినదని బయటపడి, హోం మంత్రి పార్లమెంటున సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. 2012 లండను ఒలింపిక్సునకు పదివేలకు పైగా గార్డులను సమకూర్తునని ఒప్పుకొన్న జి4ఎస్ అను మహాసంస్థ, క్రీడలకు రెండు వారములు మాత్రమే ఉన్నదనగా చేతులెత్తివేయగా, 3,500 మంది సైనికులను అదనముగా దింపవలసి వచ్చెను. 2017 మే 22న మాంచెస్టరు అరీనాలో 22 మంది ప్రాణములు గొన్న పేలుడునకు సుమారు పావుగంట ముందు, బరువైన సంచితో కూర్చున్న యువకుని గూర్చి ఒక తండ్రి అచటి సిబ్బందికి చెప్పినాడు. ఆ మాట కంట్రోల్ రూమునకు చేరలేదు. ఆ దుర్ఘటనపై విచారణ జరిపిన సర్ జాన్ సాండర్సు 2021 జూనున వెలువరించిన మొదటి సంపుటమున, భద్రతాసేవలు నిర్వహించు కంపెనీలకే లైసెన్సు నిర్బంధము చేయు విషయమును పరిశీలింపవలెనని సిఫారసుచేసెను. వ్యక్తికి బ్యాడ్జి యిచ్చి సంస్థను దాని ఇష్టమునకు విడిచిన విధానపు లోపమునే ఆయన వేలెత్తి చూపినాడు.

ఇక మన వంక చూతము. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టము 2005 మన దేశమున 2006 మార్చి 15న అమలునకు వచ్చెను. ఇంగ్లండు, వేల్సులలో లైసెన్సు లేని గార్డు పని నేరమైనది అదే నెల 20న. అయిదు దినముల యెడముతో రెండు దేశములు రెండు విరుద్ధ మార్గములు త్రొక్కినవి. మనచట లైసెన్సు సంస్థకే, అదియు నిర్బంధముగా. గార్డునకు వ్యక్తిగత లైసెన్సు లేదు. రాష్ట్రప్రభుత్వము నియమించిన నియంత్రణాధికారి అయిదేండ్లకు అనుమతి నిచ్చును. రుసుము ఒక జిల్లాకు అయిదు వేల రూపాయలు, రాష్ట్రమంతటికి ఇరువదియైదు వేలు. 2006 నాటి కేంద్ర నమూనా నియమావళి గార్డునకు నూరు గంటల తరగతి బోధన, అరువది గంటల క్షేత్రశిక్షణ విధించినది. నిబంధన ఘనమే, కాని ఆ శిక్షణ జరిగినదన్న ధ్రువపత్రము తరచుగా గార్డు చేతిలో గాక ఏజెన్సీ ఫైలులో నుండుటవలన, కంపెనీ మారిన మనిషి తన యోగ్యతను వెంటగొనిపోలేడు. బర్మింగ్‌హాములో చదువుకొనుచు వారాంతమున కాపలా కాయు తెలుగు విద్యార్థి తన లైసెన్సును తానే మోసికొని ఏ సంస్థకైనను పోగలడు, హైదరాబాదు ఐ.టి. కారిడారులో పండ్రెండు గంటల డ్యూటీ చేయు శ్రీకాకుళపు యువకునకు ఆ వీలు లేదు.

ఈ రెండు పద్ధతులు ఒకదాని గోడ లేనిచోట మరొకదాని గోడను కట్టినవి; రెండును కలిసిననే ఆవరణము పూర్తియగును. కాని ఆవరణము పూర్తియైనను దానిని నిలుపునది ధర. తక్కువ కోట్ చేసినవానికే, అనగా ఎల్-1 కే, కాంట్రాక్టు అను టెండరు సూత్రము పాలించినంత కాలము, ఏజెన్సీ ఆ తగ్గింపును జీతమునుండియో, పి.ఎఫ్. నుండియో, శిక్షణనుండియో రాబట్టుకొనును. ఏ అసెసరును దానిని ఆపలేడు. ఈ సత్యమును గుర్తించిన ఏర్పాటొకటి మనచటనే కలదు. రక్షణశాఖకు చెందిన పునరావాస డైరెక్టరేట్ జనరల్, మాజీ సైనికులు నడుపు ఏజెన్సీలను తన ప్యానెలులో చేర్చుకొని ప్రభుత్వరంగ సంస్థలకు పంపునపుడు గార్డు జీతమును తానే నిర్ణయించును. అచట ఏజెన్సీలకు ఒకరిపై నొకరు ధర తగ్గించుకొను పోటీ లేదు.

కావున ఆమోదముద్రకు విలువ నిచ్చునది దానిని వేయు అధికారి ఒక్కడే కాడు. దానిని చూచి కాంట్రాక్టు నిచ్చు కొనుగోలుదారుడును. ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయములకు, పురపాలక సంఘములకు టెండర్లు పిలుచు మన తెలుగు రాష్ట్రప్రభుత్వములు రెండూ జీతమును, వారపు సెలవును, శిక్షణ గంటలను పోటీకి వెలుపల నుంచి, గార్డు పేరనే శిక్షణపత్రము జారీ చేయించి, మిగిలిన నిర్వహణ నైపుణ్యముపైననే ఏజెన్సీలు పోటీ పడునట్లు షరతులు వ్రాసినచో, క్రొత్త చట్టము కొరకు వేచియుండ నక్కరలేదు. అది చేయనంతవరకు లైసెన్సు ప్రతి ఏజెన్సీ గోడపై పటము కట్టి యుండును. గేటుకడ నిలుచు మనిషి మాత్రము ఎవడు తక్కువకు దొరకిన వాడే యగును.