జాడీకి లేని గౌరవం సీసాకెందుకు?

నెల్లూరు జిల్లా మనుబోలులో పుట్టిన ఆడదానికి మందు గురించి మాట్లాడే హక్కు ఏ వైపు నుంచీ దొరకదు. "సారాని తరిమిన గడ్డమీద పుట్టి వైన్ రుచుల ముచ్చట్లా?" అని నీతిమంతులు నిలదీస్తారు. "ఇంకా ఆ సారా కాలంలోనే ఉన్నావా? గ్లాసు రెడ్ వైన్ మా స్వేచ్ఛ" అని మన మిత్రులే నవ్వుతారు. ఈ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

మన ఊళ్లలో 'వైన్స్' బోర్డు కింద అమ్మేది బ్రాందీ, విస్కీ క్వార్టర్లు. అసలు వైన్ పెద్ద హోటళ్లలో ఉంటుంది. దాన్ని రుచి చూడటానికి తరగతులు కూడా నడుస్తాయి. గ్లాసుని కాడ దగ్గర పట్టుకోవాలి, తెల్లగుడ్డ మీదకి వంచి రంగు చూడాలి, తిప్పి వాసన పీల్చాలి, గుక్కెడు నోట్లో పోసుకుని నాలుకంతా తడిపి, పక్కనున్న గిన్నెలో ఉమ్మెయ్యాలి. ఉమ్మిన తర్వాత మాటలు మొదలవుతాయి. చిన్న తోటల నుంచి కొద్ది సీసాలుగా వచ్చే చిక్కటి ఎర్ర వైన్‌ని 'ఫుల్ బాడీడ్' అంటారు. ద్రాక్ష తొక్కల్నీ గింజల్నీ రసంతోపాటు రోజుల తరబడి ఊరనిస్తే వాటిలోని టానిన్ దిగుతుంది. అది మన వక్కలో, నేరేడు పండులో ఉండే వగరే. దానికి పద్నాలుగు శాతం దాకా ఆల్కహాల్ తోడైతే నోట్లో బరువుగా అనిపిస్తుంది. ఇంతే సంగతి. వగరు, బరువు, చిక్కదనం అని మూడు మాటల్లో తేలిపోయేదానికి 'బాడీ' ఎందుకు కావలసివచ్చింది? ఎవరి బాడీ అది? గ్లాసు గోడమీద జారే చారల్ని 'కాళ్లు' అంటారు. పలచని వైన్ 'ఆడది', గట్టి వైన్ 'మగది'. ఈ పరిభాషని మనవాళ్లు మురిపెంగా తెలుగులోకి తెస్తున్నారు. 1993లో 'నీలిమేఘాలు' సంకలనంతో మన శరీరాల గురించి మనమే మాట్లాడతామని తెలుగు కవయిత్రులు తేల్చిచెప్పారు. ఆ మాట చెప్పిన భాషలోనే శరీరాన్ని మళ్లీ సీసాలో పోసి ఇంకొకళ్ల నాలుకకి అందిస్తామా?

మన ఆలంకారికులేమీ తక్కువ తినలేదు. కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని పళ్లతో కొలత పెట్టిన శాస్త్రమే నాయికల్ని కూడా ఎనిమిది రకాలుగా వర్గీకరించి అరల్లో సర్దింది. రసజ్ఞుడు మగవాడు, రుచి చూడబడేది మనం. పళ్లెం మారిందంతే.

ఇక నిలవబెట్టడం సంగతి. మంచి ఎర్ర వైన్ ఏళ్ల తరబడి పాడవకుండా పక్వానికి రావాలంటే పన్నెండు, పద్నాలుగు డిగ్రీల చల్లదనం, చీకటి, కొంత తేమ కావాలి. బెరడు బిరడా ఎండి గాలి చొరబడకుండా సీసాని పడుకోబెట్టాలి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మా తీరంలో సెల్లార్ అంటే ఏళ్లపాటు ఆగకుండా కరెంటు తాగే పెట్టె. దాని ముందు నిలబడి "ఇది ఏ ఏడాది పంట!" అని పరవశించే పెద్దమనుషుల్ని చూస్తే నాకు మా అవ్వ గుర్తొస్తుంది.

నెల్లూరు మొలకొలుకుల బియ్యం పాతబడేకొద్దీ విలువ. ఏ పాతరలో గింజ ఎంత పాతదో అవ్వ పంటికింద పెట్టి చెప్పేది. ఆవకాయ జాడీకి వాసెన కట్టి, తడి తగలనివ్వక, ముక్కమీద నూనె తేలేలా చూసేది. గాలిని బయట ఆపే ఆ నూనె చేసే పనీ, ఆ బిరడా చేసే పనీ ఒకటే. ఉప్పు చాలకపోతే బూజు ఎన్నాళ్లకి పడుతుందో వాసన చూసి చెప్పేది. సీసా దగ్గర ఈ తెలివికి పేరు 'నైపుణ్యం', దానికొక సర్టిఫికెట్. జాడీ దగ్గర దీని పేరు 'వంటింటి పని'. నా మొదటి పేచీ ఇదే.

అయితే జాడీని నెత్తిన పెట్టుకుని ఊరేగించమని కాదు. బయటున్న మూడురోజులూ అవ్వ ఆ జాడీ ముట్టుకోకూడదు, పచ్చడి పాడైపోతుందట! ముట్టయిన స్త్రీ తాకితే కొత్త ద్రాక్షరసం పులిసిపోతుందని మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఫ్రాన్సులో కొన్ని ప్రాంతాల్లో ఆడవాళ్లని వైన్ గదుల్లోకి రానివ్వని ఆచారం తరాలపాటు సాగింది. నెల్లూరు జాడీకీ ఫ్రాన్సు సెల్లార్‌కీ ఒకే మైల! పైగా మా జాడీకి ఇంకో మైల కూడా ఉంది. ఆ వరి కోసి, నూర్చి, మోసిన మాల మాదిగ స్త్రీలకి ఆ గదిలోకి ఏ రోజూ ప్రవేశం లేదు. అవ్వకి నెలకి మూడురోజులైతే వాళ్లకి ఏడాది పొడుగూ. ఈ మాట వదిలేసి వంటింటి విజ్ఞానం గురించి గొప్పలు పోవడం నాకు చేతకాదు.

ఫ్రాన్సులో క్లికో వైన్ వ్యాపారాన్ని నడిపిన బార్బ్ నికోల్‌కి ఆ అధికారం 1805లో, ఇరవై ఏడేళ్ల వయసులో భర్త పోయాకే దక్కింది. ఆ సీసాల మీద నేటికీ ఉన్న 'వోవ్' అనే మాటకి అర్థం విధవ. నెపోలియన్ చట్టం కింద భార్యకి భర్త అనుమతి కావాలి, విధవకి అక్కర్లేదు. మొగుడు పోతే తప్ప ఆడదాని సంతకం చెల్లని లోకంలో పుట్టిన బ్రాండ్ అది. స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు ఆ లేబుల్ కూడా చదువుకుందాం.

ఇప్పుడు నీతిమంతుల సంగతి. ఆడవాళ్లు తాగకూడదన్నది పాత శాసనమే. స్త్రీలని చెడగొట్టేవాటి జాబితాలో మనువు మద్యాన్ని చేర్చాడు. వైన్ తాగిందని భార్యని కొట్టి చంపినవాణ్ని రోమ్‌లో ఎవరూ తప్పుపట్టలేదని వలేరియస్ మాక్సిమస్ చెప్పిన కథ ఉంది. ఈ వారసత్వాన్ని దూబగుంటకి అంటగడితే ఊరుకోను. కలిగిరి మండలం దూబగుంటలో రోసమ్మా తోటి స్త్రీలూ లేచింది శీలం కాపాడటానికి కాదు, కూలి కాపాడుకోవడానికి. ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాని పాకెట్లలో ఊరూరా చేర్చింది. పగలు వచ్చిన కూలి రాత్రికల్లా ఆ పాకెట్‌లోకి పోయేది, మిగిలేవి దెబ్బలు. అక్షరాస్యతా కార్యక్రమంలో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు 1992లో సారా పాటల్ని మళ్లీ మళ్లీ ఆపారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో ఖజానా పేరుతో పోయింది. ఆ స్త్రీలు అడిగింది "ఈ డబ్బు ఎవరిది?" అని. "ఈ ఆడది ఎందుకు తాగింది?" అని కాదు.

ఆ ప్రశ్నకి ఇవాళ్టికీ జవాబు లేదు. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం రైతుల పేరు చెప్పి సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి ఒప్పుకుంది. 2024 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ కొత్త విధానం 99 రూపాయలకే క్వార్టర్ తెచ్చింది. పైవాళ్లకి 'సంస్కృతి', కిందివాళ్లకి 'చవక'. రెండింటి రాబడీ ఖజానాలకే. ద్రాక్షతోటల్లో ఎండలో గుత్తులు కోసే స్త్రీల కూలి గురించి మాత్రం ఏ రుచి తరగతిలోనూ నేను వినలేదు.

మిత్రులారా, మీ గ్లాసు మీ ఇష్టం. దాని మీద తీర్పు చెప్పే అధికారం ఏ మగవాడికీ లేదు, నాకూ లేదు. కానీ కొనుక్కున్న రుచికి విముక్తి అని పేరు పెట్టకండి. రుచి గురించి రాస్తే పాతబియ్యం కొరికిన పంటి గురించీ, జాడీ గదిలోకి రానివ్వని చేతుల గురించీ, తోటలో కత్తెర పట్టిన వేళ్ల గురించీ కూడా రాయండి. ఊళ్లో బెల్టుషాపు తీసెయ్యమని ఆడవాళ్లు రోడ్డుమీద కూర్చున్న రోజున, వాళ్లది నీతి గొడవ అని తప్పుకోకుండా వెళ్లి పక్కన కూర్చోండి. దూబగుంట నీతిమంతుల ఆస్తీ కాదు, రుచిమంతులకి మరచిపోదగ్గ పాత కథా కాదు. కూలి లెక్క అడిగిన ఆడవాళ్లది అది. ఆ లెక్క ఇంకా తేలలేదు.