ఆరడుగుల దూరం

1991, అమెరికాలోని కియావా ద్వీపం. అమెరికా, యూరప్ గోల్ఫ్ జట్లు తలపడే రైడర్ కప్ చివరి రోజు, చివరి జోడీ, చివరి హోల్. జర్మన్ గోల్ఫర్ బెర్న్‌హార్డ్ లాంగర్ ముందు మిగిలింది ఆరడుగుల పుట్, అంటే బంతిని మెల్లగా దొర్లించి గుంటలోకి పంపే దెబ్బ. బంతి పడితే కప్పు యూరప్ దగ్గరే ఉంటుంది. పడలేదు. బాధతో బిగుసుకుపోయిన ఆయన ముఖం ఆనాటి ఫొటోల్లో నేటికీ మనసును కలచివేస్తుంది. అయితే మరుసటి ఆదివారమే ఆయన జర్మన్ మాస్టర్స్ గెలిచారు.

లాంగర్‌ను కెరీర్ పొడవునా వేధించింది ‘యిప్స్’. పుట్ వేళ చేతులు మాట వినవు. దాన్ని జయించడానికి పుట్ కొట్టే కర్ర ‘పుటర్’ పిడిని ఎడమ ముంజేతికి ఆనించి, కుడిచేత్తో రెండింటినీ కలిపి బిగించి పట్టారు. ఆ తర్వాత పొడవాటి పుటర్ చేపట్టారు. ఆ ఇబ్బంది ఉన్నా 1985, 1993లలో అమెరికాలోని మాస్టర్స్ టోర్నీ ఆయనదే.

యాభై నిండాక 2007లో సీనియర్ల టూర్‌లో అడుగుపెట్టారు. 2023లో, 65వ ఏట, యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచి, ఆ టూర్‌లో హేల్ ఇర్విన్ నెలకొల్పిన 45 విజయాల రికార్డును దాటేశారు. 2024 ఫిబ్రవరిలో మడమ వెనక స్నాయువు తెగింది. మూడు నెలల్లో మళ్ళీ మైదానంలో ఉన్నారు. ఆ నవంబరులో, 67వ ఏట, చివరి హోల్‌లో దూరపు పుట్‌ను గుంటలో వేసి ఆ టూర్‌లో 47వ టైటిల్ అందుకున్నారు.

విజయాల లెక్క కన్నా నన్ను కదిలించేది ఆయన ఓర్పు. చేతులు మొరాయిస్తే పట్టు మార్చుకున్నారు గాని ఆట వదల్లేదు. వయసు మీరినా సాధన మానని వారికే ఈ సంచిక అంకితం.

– సంపాదకుడు